ఇంటాయన కనబడని ఇల్లే ఇల్లు!

సెలవులకు కొత్త ఊరు వెళ్ళినప్పుడు మనిషి మొహం కనబడని అపార్ట్‌మెంట్‌లోనే దిగాలి. ఇందులో రెండో మాటకు తావు లేదు.

హోటల్లో ఏముంది చెప్పండి? గుమ్మంలో ఒకడు నవ్వుతాడు. మనమూ నవ్వాలి. కౌంటరు వెనక ఒకామె "ప్రయాణం బాగా జరిగిందా?" అంటుంది. జరగలేదంటే కూర్చోబెట్టి వింటుంది కూడా! అలసిపోయిన ప్రాణానికి ఈ బాధలెందుకు? అదే అపార్ట్‌మెంటయితే ఓనరు ఎక్కడుంటాడో, అసలు ఉన్నాడో లేడో కూడా తెలియదు. ఫోనుకో మెసేజ్, తలుపుకో కోడ్. ఎవరి మొహమాటమూ ఎవరికీ లేదు!

నమ్మకం కుదరకపోతే నాకు తెలిసిన ఒక హెడ్మిస్ట్రెస్ గారి సంగతి వినండి.

ఆవిడ కనుబొమ్మ ఎత్తితే బడి మొత్తం చేతులు కట్టుకుంటుంది. చిన్ననాటి స్నేహితురాళ్ళిద్దరిని, ఒకరు పళ్ళ డాక్టరు, ఒకరు లైబ్రేరియన్, వెంటబెట్టుకుని నగరం చూడ్డానికి బయలుదేరింది. ముగ్గురికీ యాభై దాటాయి. ముగ్గురూ ఒక పూట కలిసి గడిపి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. "ఈసారి కడుపు నిండా కబుర్లు చెప్పుకోవాలే!" అని ఇల్లు బుక్ చేసింది కూడా ఆవిడే.

రైలు ఆలస్యం. టాక్సీ అతను మలుపులోనే దింపేసి "లోపలికి బండి పోదమ్మా" అన్నాడు. రాళ్ళు పరిచిన సందులో పెట్టెల చక్రాలు గగ్గోలు పెడుతుంటే జనం కిటికీల్లోంచి తొంగిచూశారు. లిఫ్టు లేదు. మెట్లెక్కి నాలుగో అంతస్తు చేరేసరికి డాక్టరు గారి మోకాళ్ళు ఆవిడతో మాటలు మానేశాయి.

తలుపు మీద అంకెల మీటలున్నాయి. హెడ్మిస్ట్రెస్ కోడ్ నొక్కింది. ఎర్ర లైటు. మళ్ళీ నొక్కింది. మళ్ళీ ఎర్ర లైటే. కనుబొమ్మ ఎత్తింది. తలుపు భయపడలేదు.

ఓనరుకు మెసేజ్ పెట్టింది. "ప్రియమైన అతిథీ, మీ రాక మాకెంతో ఆనందం!" అని జవాబొచ్చింది. "తలుపు తెరుచుకోవడం లేదు" అని రాసింది. "ఇల్లు నచ్చినందుకు ధన్యవాదాలు!"

చూశారా మర్యాద! మనిషన్నవాడు ఇంత ఓపిగ్గా ఉండగలడా?

ముగ్గురూ మెట్ల మీద చతికిలబడ్డారు. అక్కడ సిగ్నలు అంతంత మాత్రం. వేరే దిక్కులేక మాటల్లో పడ్డారు. పన్ను పీకకముందే ఏడ్చి ఊరంతా పోగేసిన పోలీసాయన గురించి డాక్టరు చెబుతుంటే, నవ్వలేక పొట్టలు పట్టుకున్నారు. అప్పుడు లైబ్రేరియన్, ఎక్కడున్నా లైబ్రరీలో ఉన్నట్టే మాట్లాడే మనిషి, మెల్లగా అంది:

"ఒసేయ్, మీకో మాట చెప్పాలి. నేను పెళ్ళి చేసుకుంటున్నాను."

ఇద్దరూ నోళ్ళు తెరిచారు. సరిగ్గా అప్పుడే కిర్రుమంటూ తలుపు దానంతటదే తెరుచుకుంది.

ఇక చూడండి సౌఖ్యం! "ముందు బాత్రూమ్ నాది!" అంటూ డాక్టరు పరుగెత్తింది. హెడ్మిస్ట్రెస్ కిటికీ పక్క మంచం మీద బ్యాగు పడేసి, ఛార్జరు పట్టుకుని ప్లగ్గు కోసం మంచం కిందికి దూరింది. వైఫై పాస్‌వర్డ్ ఫ్రిజ్ మీద దొరికింది. ఆ తర్వాత చీమ చిటుక్కుమన్నా వినబడేంత ప్రశాంతత! ఒకరు మంచం మీద, ఒకరు సోఫాలో, ఎవరి ఫోను వాళ్ళకు లోకం. పెళ్ళి సంగతా? అదెక్కడికి పోతుంది!

సాయంత్రం టీ పెడదామని హెడ్మిస్ట్రెస్ వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ లైబ్రేరియన్ బల్ల దగ్గర కూర్చుని, అతిథుల కోసం ఓనరు ఉంచిన టాబ్లెట్‌లో ఏదో టైపు చేస్తోంది. పైన పెద్ద అక్షరాల్లో "ఎలా ఉన్నారు? మనసు విప్పి చెప్పండి!" అని ఉంది. హెడ్మిస్ట్రెస్ ఆమె భుజం మీదుగా చదివింది.

"సంతోషంగా ఉన్నాను. వచ్చే నెలలో నా పెళ్ళి. ఆయన మా లైబ్రరీ పుస్తకాలు బైండింగ్ చేస్తారు. మంచి మనిషి. మా తమ్ముడికి ఇష్టం లేదు, రానంటున్నాడు. నా వైపు నిలబడడానికి నా స్నేహితురాళ్ళు ఇద్దరుంటే చాలు. అదే అడుగుదామని వచ్చాను."

లైబ్రేరియన్ మీట నొక్కింది. క్షణంలో జవాబొచ్చింది.

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం."

పాఠకులారా, ఆ ఇంటిని ఎవరేమన్నా నేను ఊరుకోను. ఆ పూట ఆమెను ఎలా ఉన్నావని అడిగింది అదొక్కటే. పక్క గదుల్లో మనుషులు ఇద్దరుండగా!

హెడ్మిస్ట్రెస్‌కు నవ్వొచ్చింది. సగంలోనే ఆగిపోయింది. టీ సంగతి వదిలేసి, కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"ఒసేయ్ పళ్ళ డాక్టరూ, ఆ ఫోను అవతల పారేసి ఇటు రా!" అని కేకేసింది. తర్వాత గొంతు తగ్గించి, "మీ తమ్ముడేమన్నాడే?" అని అడిగింది.

లైబ్రేరియన్ టాబ్లెట్‌ను బోర్లా పెట్టింది.

"ముందు ఆయన పేరైనా అడగవేంటే!"