జానెడు రోబోకు మూరెడు తుప్పు

తుప్పును తిట్టేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. దుమ్మును తిట్టేవాళ్ళను చూస్తే ఇంకా జాలి. దేవుడు మనుషులకు ఉచితంగా ఇచ్చిన ఈ రెండు వరాలనూ చీపురుతో ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి, పైగా రోడ్డు తవ్వినవాళ్ళకు శాపనార్థాలు పెట్టే అజ్ఞానుల మధ్య బతుకుతున్నాను!

మీరు నమ్మరు గానీ, దుమ్మును బుల్లి సీసాల్లో పోసి అమ్ముతారు. మూతకు సీలు కూడా ఉంటుంది. తుప్పు ఇంకో సీసా. అందులోనూ కొత్త తుప్పు వేరు, ముదురు తుప్పు వేరు. శంషాబాద్‌లో మా ఇంటి కిటికీ పది నిమిషాలు తెరిచిపెడితే సీసాలేం ఖర్మ, డ్రమ్ములే నిండుతాయి. మనకంటే సంపన్నులెవరు?

ఈ మాటలంటున్నది ఎవరో తెలిస్తే కొత్తూరులో నాతో పనిచేసినవాళ్ళు కుర్చీలోంచి పడతారు. అక్కడ కరెంటు ప్యానెల్ డబ్బాలు చేసే ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు క్వాలిటీ ఇన్‌స్పెక్టరుగా చేశాను. ఆవగింజంత తుప్పు మచ్చ కనిపిస్తే చాలు, డబ్బా మీద చాక్‌పీసుతో పెద్ద ఇంటూ కొట్టి వెనక్కి పంపేవాణ్ణి. నా వెనక నన్ను ‘తుప్పు మత్తయ్య’ అనేవాళ్ళు. ముందు కూడా అనేవాళ్ళే, కాకపోతే చివర ‘గారు’ చేర్చేవాళ్ళు. ఆ మత్తయ్యగారే ఇప్పుడు మూడు వెంట్రుకల బ్రష్షు పట్టుకుని, శుభ్రంగా ఉన్న బొమ్మకు తుప్పు పట్టిస్తున్నారు.

బొమ్మ అన్నానా? తప్పు! పై అంతస్తు అరీబ్ వింటే నొచ్చుకుంటాడు. అరీబ్ ఎయిర్‌పోర్టు కార్గోలో పనిచేస్తాడు, ఇద్దరు పిల్లల తండ్రి. ఆదివారం వస్తే అత్తాపూర్‌లో ఒక హాలుకు వెళ్ళి, తనలాంటి గడ్డాల పెద్దమనుషులతో బల్ల మీద యుద్ధం చేస్తాడు. ఉత్తుత్తి కొండలు, ఉత్తుత్తి ఊళ్ళు, వాటి మధ్య జానెడు జానెడు రోబోలు. టేపుతో దూరం కొలుస్తారు. పాచికలు వేస్తారు. ఎవరి రోబో కూలిందో తేలేసరికి బిర్యానీ వేళవుతుంది. ఆటలో ఆ రోబో అరవై అడుగుల ఎత్తట! లోపల ఒక మనిషి కూర్చుని నడుపుతాడట! నా టీపాయ్ మీద మాత్రం అది రెండు టీ గ్లాసులంత పొడుగు.

మా ఆవిడ లీల పోయిన మరుసటి ఏడు అరీబ్ తలుపు తట్టి, ఒక రోబో డబ్బా చేతిలో పెట్టాడు.

“అంకుల్, మీ హాథ్ మస్తు స్టడీ అంట కదా. జర దీనికి కలర్ కొట్టియ్యుండ్రి. నాకు టైమే దొరుకుతలేదు.”

నా చేతి నిలకడ గురించి అతనికెవరు చెప్పారో నేను అడగలేదు. టైము దొరకనిది అతనికి కాదు, దొరికిన టైముతో ఏం చేయాలో తెలియనిది నాకు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. పొరుగింటివాళ్ళు ఇలాంటి అబద్ధాలు ఆడటం ఎంత మంచిదో చెప్పలేను.

పది రోజులు కష్టపడి రంగు వేశాను. నిగనిగలాడిపోయింది. అరీబ్ చూసి ముఖం ముడిచాడు.

“గిదేంది అంకుల్! షోరూంల నుంచి గిప్పుడే దించినట్టున్నది. లడాయికి పోయొచ్చినట్టు ఉండాలె. పెచ్చులూడాలె, జంగు పట్టాలె, దుమ్ము గొట్టుకపోవాలె.”

జంగు అంటే మన తుప్పే. ఈ విద్యను వెదరింగ్ అంటారు. అంటే, బాగున్నదాన్ని పనిగట్టుకుని పాడుచేయడం. మన రోడ్ల కాంట్రాక్టర్లకు పుట్టుకతోనే వచ్చే విద్య, నేను ఈ వయసులో నేర్చుకోవాల్సి వచ్చింది! గిన్నెలు తోమే స్పాంజిని చిన్న ముక్క చేసి, ముదురు గోధుమరంగులో ముంచి, అంచులకు మెల్లగా తాకిస్తే పెయింటు పెచ్చులూడినట్టు వస్తుంది. కీళ్ళలోకి పలచటి నల్లరంగు దించితే ఏళ్ళనాటి నూనె మురికి. పాదాలకు దుమ్ము.

దుమ్ముకు బొమ్మల రంగుల షాపులో సీసా కొనడమెందుకు? టీ వడపోసే జాలీ జేబులో వేసుకుని బయల్దేరాను. మా పక్క ఊరు సాతంరాయి దుమ్ము ఎర్రగా, ముద్దుగా ఉంటుంది. కొత్తూరు ఫ్యాక్టరీల దగ్గరిది బూడిద రంగు, కాస్త గరుకు. ఎయిర్‌పోర్టు లోపలి రోడ్డు మీద మాత్రం గంటసేపు వంగి వెతికినా చిటికెడు దొరకలేదు. అక్కడ మొక్కలకే కాదు, రోడ్డుకూ రోజూ స్నానమే! సెక్యూరిటీ అతను వచ్చి ఏం పోయిందని అడిగాడు. దుమ్ము అన్నాను. అతను నన్ను నీడలో కూర్చోబెట్టి, తన బాటిల్లోని నీళ్ళు తాగించి, ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని మెల్లగా అడిగాడు. మంచి మనిషి.

విమానాల మోత గురించి కూడా మా కాలనీలో ఫిర్యాదులే. నాకు లేవు. మా ఇంటి మీదుగా విమానం దిగినప్పుడల్లా కిటికీ అద్దాలు వణుకుతాయి. బ్రష్షు పక్కకు జారిందంటే తప్పు నా చేతిది కాదు, విమానానిది! ఈ వయసులో నా తప్పును మీద వేసుకునేవాళ్ళు ఇంకెవరున్నారు?

ఇక ఇంట్లో పనిచేసే సక్కుబాయికి టీపాయ్ జోలికి పోవద్దని ఆర్డరు వేశాను. “ఇరవై ఏండ్ల సంది ఇండ్లల్ల పని జేస్తున్న. దుమ్ము తుడిస్తే కొట్లాడే సారును నిన్నే జూస్తున్న,” అని, చీపురు మూలన పెట్టి వెళ్ళిపోయింది. గొప్ప కళాకారులకు ఇంట్లో గౌరవం ఉండదు.

అయితే, మంచి తుప్పు పట్టించాలంటే నిజమైన తుప్పును ఎదురుగా పెట్టుకుని చూడాలి. ఆ భాగ్యం నాకు మా అపార్ట్‌మెంటు మెట్ల కిందే ఉంది. లీల స్కూటీ.

సాతంరాయిలో లెక్కల టీచరుగా చేసేది లీల. యాభై దాటాక బండి నేర్చుకుంది. నేర్చుకున్న మొదటి వారంలోనే బండిని మా గేటుకు గీరేసింది. ఎడమవైపు మూరెడు గీత! “నేను సక్కగనే వచ్చిన. గేటే జరిగింది,” అంది. లెక్కల టీచరు అనవలసిన మాటేనా అది? ఎంత ఏడిపించినా చివరిదాకా ఆ మాట మీదే నిలబడింది.

ఆమె పోయి మూడేళ్ళు. బండి కదల్లేదు. సైలెన్సరు మీద తుప్పు పొరలు పొరలుగా లేచింది. ఫుట్‌బోర్డు అంచుల్లో నారింజరంగు, స్క్రూల చుట్టూ ముదురు ఎరుపు. ఏ సీసాలో దొరుకుతాయి ఆ రంగులు? రోజూ పీట వేసుకుని దాని ముందు కూర్చోవడం, చూసింది చూసినట్టు పైకి వచ్చి రోబో మీద దించడం. గీతను కూడా వదల్లేదు. ఎడమ మోకాలి కింద గీశాను.

ఇంత పవిత్రమైన పాఠశాల మీద మా అసోసియేషన్ సెక్రటరీ రాఘవేందర్ కన్ను పడింది. మెట్ల కింద నీళ్ళ మోటరు పెట్టాలట. నడవని బండ్లు ఖాళీ చేయకపోతే సోమవారం పాత సామాన్ల ఆటోకు ఎత్తేస్తామని నోటీసు అంటించాడు. నడవని బండి ఆ మెట్ల కింద ఒక్కటే ఉంది.

మీటింగులో లేచి గంభీరంగా వాదించాను. అది బండి కాదు, పుస్తకం అన్నాను. ప్రతి మచ్చా ఒక పాఠం అన్నాను.

“సారూ, జంగు పట్టిన బండిని పట్టుకోని గది పుస్తకం అంటే ఎట్ల?” అన్నాడు రాఘవేందర్. “మా బిడ్డకు లెక్కలు చెప్పిన టీచరమ్మ బండి అని ఇన్నొద్దులు నోరు తెరువలే. మెకానిక్ ఖుర్రంకు చెప్పి రిపేర్ చేయించరాదు?”

“రిపేరు చేస్తే తుప్పు పోదూ!” అన్నాను.

అందరూ నా వైపు ఒకలా చూశారు. అరీబ్ అడ్డం వచ్చాడు. ఆదివారం అత్తాపూర్‌లో రోబోల పెయింటింగ్ పోటీ ఉందని, అంకుల్‌కు ప్రైజు ఖాయమని చెప్పాడు. రాఘవేందర్ కాసేపు తల గోక్కున్నాడు.

“సరె. ప్రైజొస్తే బండి ఉండనీ, మోటరు ఇంకో దిక్కు పెడతం. రాకుంటే సోమవారం పొద్దుగాల ఆటో వస్తది. ఇగ మళ్ళ నన్ను అడగొద్దు.”

తీర్మానం రాశారు. అందరం సంతకాలు చేశాం. ఒక స్కూటీ భవిష్యత్తు జానెడు రోబో మీద ఆధారపడటం ఏ అపార్ట్‌మెంటు చరిత్రలోనూ జరిగి ఉండదు.

ఆదివారం హాల్లో ఇరవై రోబోలు బారులు తీరాయి. జడ్జి అనుపమగారు భూతద్దం పట్టుకుని ఒక్కొక్కటే చూస్తూ నా దగ్గర ఆగిపోయారు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

“ఇంత నిజమైన తుప్పు నేనెప్పుడూ చూడలేదండీ,” అన్నారు. ఛాతీ ఇంకో అంగుళం. “కానీ ఈ గీత ఏమిటి? దేనికి తగిలింది?”

“గేటుకండీ.”

“అరవై అడుగుల రోబోకు గేటా? ఏ గేటు?”

“మా గేటు. నిజానికి గేటే జరిగిందట.”

హాలంతా ఘొల్లుమంది. ఆవిడ కూడా నవ్వారు. తర్వాత రోబోను చేతిలోకి తీసుకుని, నెమ్మదిగా తిప్పి చూశారు.

“ఇంకొకటండీ. నడిచే యంత్రానికి తుప్పు ఇలా అంతటా పట్టదు. పైలట్ కాలు పెట్టే మెట్టు అరిగి మెరవాలి. చేయి పడేచోటు మెరవాలి. కదిలే కీళ్ళు మెరవాలి. మీ రోబోకు ఆ మెరుపు ఎక్కడా లేదు. ఇది యుద్ధం చేసి వచ్చింది కాదండీ. ఎవరో తెచ్చి నిలబెట్టి, మళ్ళీ ముట్టుకోనిది.”

ముప్పై ఏళ్ళలో ఎన్ని వేల డబ్బాల మీద ఇంటూ కొట్టానో. నా సరుకు మీద ఇంకొకరు కొట్టడం అదే మొదటిసారి. పైగా సరిగ్గా కొట్టాల్సిన చోటే కొట్టారు!

ప్రైజు రాలేదు. మూడో బహుమతి గులాబీరంగు రోబోకు వచ్చింది. దాని మీద వ్యాఖ్యానించడానికి నాకు సంస్కారం అడ్డొస్తోంది.

తిరుగు ప్రయాణంలో ఎక్స్‌ప్రెస్‌వే మీద అరీబ్ కారు నడుపుతూ ఓదార్చాడు. “పరేషాన్ కాకుండ్రి అంకుల్. బండిని మా మామ ఇంట్ల పెట్టిద్దాం. చాదర్ కప్పితే ఎన్నేండ్లైన ఉంటది.”

నా ఒళ్ళో రోబో ఉంది. మెట్టు దగ్గర, చేయి దగ్గర, కీళ్ళ దగ్గర చూశాను. ఆవిడ చెప్పింది నిజమే.

“ఖుర్రం దుకాణం ఆదివారం తెరిచి ఉంటుందా?” అన్నాను.

 అరీబ్ కారు పక్కకు ఆపి ఫోన్ తీశాడు.

సాయంత్రానికల్లా ఖుర్రం పానాల డబ్బాతో మెట్ల కింద కూర్చున్నాడు. “నసీబ్ మంచిగున్నది సార్, ఇంజన్ జామ్ గాలే. బ్యాటరీ ఖతం, టైర్లు ఖతం, కార్బురేటర్‌ల అంత చెత్తనే. రెండు గంటలల్ల లేపుత,” అన్నాడు. ముందుగా గుడ్డ తీసుకుని మూడేళ్ళ దుమ్మును నాలుగు ఊపుల్లో దులిపేశాడు. ఆపుదామని చేయి ఎత్తాను. ఎత్తిన చేత్తో అతనికి టీ గ్లాసు అందించాను.

“గీ గీత గూడ మాయం జేయాల్నా?”

“అది ముట్టుకోకు. అది గేటు చేసిన పని.”

సోమవారం పొద్దున్నే పాత సామాన్ల ఆటో రానే వచ్చింది. ఐదో కిక్కుకు స్కూటీ దగ్గి, తుమ్మి, పొగ వదిలి లేచింది. రాఘవేందర్ చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

“ఏంది సారూ, నడుస్తున్నదా?”

“నోటీసులో నడవని బండ్లనే కదా రాశారు?”

అతను చెంబు కింద పెట్టి, బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. “నడిచే బండైతే మెట్ల కింద ఎందుకుంటది? అందరి తీరు బయట లైన్ల పెట్టుండ్రి.” ఖాళీ ఆటోను పంపించేశాడు.

సాతంరాయి దాకా వెళ్ళి వచ్చాను. తిరిగి వచ్చేసరికి కళ్ళలో దుమ్ము, పళ్ళలో దుమ్ము, లీల సీటు మీద వేలెడు మందాన దుమ్ము. ఏం దుమ్మండీ ఇది! మనుషులు బతకాలా వద్దా? తవ్విన ఆ రోడ్డును ఎప్పుడు పూడుస్తారు? మొదట్లో వరమూ గిరమూ అని రాసిన పెద్దమనిషి ఎవరో గానీ, ఆ మాటల మీద చాక్‌పీసుతో పెద్ద ఇంటూ కొడుతున్నాను. సక్కుబాయికి చీపురు తిరిగి అప్పగించేశాను.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. హ్యాండిల్‌కు ఎడమవైపు బ్రేకు లివర్ ఉంది. దానికి నల్లరంగు ఉండేది. లీలకు బ్రేకు మీదినుంచి చేయి తీసే ధైర్యం ఎప్పుడూ లేదు. ఆమె నాలుగు వేళ్ళు పడినచోట రంగు అరిగిపోయి లోహం తేలింది. రోజూ పీట వేసుకుని ఆ బండిలో ప్రతి మచ్చా చూసినవాణ్ణి, దీన్ని చూడలేదు. దుమ్ము కింద ఉండిపోయింది. ఖుర్రం గుడ్డతో తుడిస్తే కనబడింది. తళతళా మెరుస్తోంది. ఎక్కడా చుక్క తుప్పు లేదు. ఇప్పుడు నా వేళ్ళు అక్కడే పడుతున్నాయి. రోబోకు కూడా, పైలట్ చేయి పడేచోట సూదిమొనతో వెండిరంగు అద్దాను.

సైన్సు చదువుకున్న పాఠకులు దయచేసి ఉత్తరాలు రాయకండి. ఆ లివర్ అల్యూమినియంది, ఎన్నేళ్ళున్నా దానికి ఎలాగూ తుప్పు పట్టదు. ముప్పై ఏళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేసినవాణ్ణి, ఆ మాత్రం నాకూ తెలుసు.