యోబుకు టీ తక్కువైంది

పొద్దున ఏడున్నర బస్సుకు ఆళ్లగడ్డ నుంచి నంద్యాల పోయి, భోజనానికల్లా ఇంటికి రావాలన్నది మాజీ హవల్దారు యోబు ఆలోచన. పని మాజీ సైనికుల ఆసుపత్రిలో. భార్య రాములమ్మకు మాత్రం పింఛను కాగితాల పని అని చెప్పాడు. మగతనం మందుకని చెప్పడానికి, సరిహద్దులో ఇరవై ఏళ్లు తుపాకి పట్టిన మనిషికి నోరు రాలేదు.

ఆయన స్నానంలో ఉండగా ఫోను మోగింది. రాములమ్మ ఎత్తింది.

"సార్, జాహ్నవిని. మీకు టీ తక్కువైంది కదా, ఈ రోజు తప్పకుండా రండి. మీకు నచ్చినట్టే చేద్దాం."

పడుచు గొంతు. రాములమ్మ భగ్గుమంది. ముప్పై ఏళ్లుగా తన చేత్తో పోసిన టీ చాలలేదని ఎవతితోనో చెప్పుకున్నాడన్నమాట. ఇక మొగుడు చేజారినట్టేనని భయం కూడా వేసింది.

యోబు స్నానం చేసి రాగానే వరసగా నాలుగు గ్లాసుల టీ తాగించింది.

"చాలే, కడుపులో జాగా లేదు," అన్నాడు యోబు.

"నా టీకే జాగా లేదులే. నేనూ వస్తాండా."

"పింఛను ఆఫీసులో నీకేం పని?"

"ఫ్లాస్కు పని," అంటూ అల్లం టీ నింపుకుని బయలుదేరింది.

శిరివెళ్ల దాటేలోపు యోబు రెండుసార్లు బస్సు ఆపించాడు.

"ఏందన్నా, షుగరా?" అన్నాడు కండక్టరు.

"కాదప్పా, భార్య."

ఆసుపత్రి వరండా నిండా మాజీ సైనికులే. నర్సు జాహ్నవి యోబు పేరు పిలవగానే రాములమ్మ ముందుకు పోయి బల్ల మీద ఫ్లాస్కు పెట్టింది.

"నా మొగునికి టీ తక్కువైందంటివే, ఇంగెంత పోయాల్నో నువ్వే చెప్పు."

"అక్కా, ఆ టీ కాదు. రక్తంలో టీ. టెస్టోస్టిరాను, మగోళ్ల హార్మోను."

వరండా అంతా విన్నది. యోబు పైకప్పు వంక చూశాడు.

"నాకు చెప్పేదానికేమయ్యా?" రాములమ్మ గొంతు తగ్గింది.

"సిగ్గయింది."

"డాక్టరు రెండిట్లో ఏదైనా సరేనన్నారు," అంది జాహ్నవి. "జెల్లయితే రోజూ భుజాలకు పూసుకోవాల. అది ఆడోళ్లకు అంటగూడదు. ఆరి, చొక్కా తొడుక్కునేదాకా నువ్వు ముట్టుకోగూడదు. సూదయితే మూడు వారాలకోసారి ఈడికి రావాల."

"జెల్లే," అన్నాడు సూదంటే హడలిపోయే యోబు.

"నా మొగుణ్ని నేను ముట్టుకోగూడదా? సూదే," అంది రాములమ్మ. తర్వాత జాహ్నవిని కిందికీ మీదికీ చూసింది. "ఎవరు వేస్తారు?"

"నేనే."

"మగ నర్సు లేడా?"

"నతానియేలు ఉన్నాడు."

"ఆయప్పతోనే ఏయించు."

అంతవరకు మోకాళ్ల నొప్పులకొచ్చానని అందరికీ చెబుతున్న రుద్రవరం దావీదు మెల్లగా గ్లాసు చాపాడు. "వదినా, నాకూ టీ తక్కువే."

ఆ పూట వరండాలో టీ తక్కువైనవాళ్లు ఏడుగురు తేలారు. ఫ్లాస్కు ఐదుగురికే సరిపోయింది.