ఆరుకు ఆరు కలిసిన అన్నదమ్ములు

ముద్దనూరు పక్క పల్లెలో ఆనందయ్యకు రెండు కిడ్నీలూ చెడిపోయాయని తెలిసిన నాడు, ఆయన పార్టీ అత్యవసరంగా సమావేశమై ఆ కిడ్నీల వైఖరిని తీవ్రంగా ఖండించింది. అంతటి కార్యకర్త కోసం ప్రాణాలైనా ఇస్తామని నలభై మంది ప్రతిజ్ఞ చేశారు. ప్రాణం అక్కర్లేదు, ఒక కిడ్నీ చాలునని డాక్టరు చెప్పగానే నలభై మందికీ ఒకేసారి షుగరు వచ్చింది.

భార్య రాహేలు ముందుకొచ్చింది గానీ రక్తం గ్రూపు కలవలేదు. ఇక మిగిలింది తమ్ముడు దేవపాలు. అతనిది ఎదుటి పార్టీ. అన్న వేసిన కొడవలి దెబ్బ అతని భుజం మీద ఉంది. ఏడేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.

రాహేలు అతని గడప ముందు నిలబడింది. "మీయన్న ఒళ్లంతా వాచిపోతాండాడు దేవపాలూ. నిన్ను అడిగే మొగం నాకు లేదప్పా."

"అడగాకు వదినా. యాడికి రావల్లో చెప్పు."

మద్రాసు ఆసుపత్రిలో ఇద్దరి కణజాలమూ పోల్చి చూశారు. చూడవలసిన గుర్తులు ఆరుంటే ఆరూ కలిశాయి. ఇద్దరి రక్తాన్ని ఒకే గాజుగొట్టంలో కలిపినా గొడవ పడలేదు. ఆ జిల్లాలో ఇది అరుదైన సంఘటన. "తోడబుట్టినవాళ్లలో కూడా నలుగురిలో ఒకరికే ఇలా కుదురుతుంది. మందులు మానకపోతే ఏళ్ల తరబడి పనిచేస్తుంది" అన్నాడు డాక్టరు.

కబురు తెలిసి దేవపాలును అతని నాయకుడు పిలిపించాడు. "నీ కిడ్నీ నీ ఒక్కనిది కాదప్పా. పార్టీ కూడు తిని పెరిగిన అవయవం. ఎదుటోనికి ఇస్తే ఫిరాయింపు కిందికి వస్తాది."

"ఇయ్యకుంటే మాయన్న సచ్చిపోతాడన్నా."

"దానికోసమే కదప్పా ఇన్నేండ్లు మనం కష్టపడతాండేది!"

దేవపాలు మొదటిసారి నాయకుడి మాట జవదాటాడు. ఎడమ కిడ్నీ ఇచ్చాడు. మూడోనాడు పక్క మంచం మీదినుంచి ఆనందయ్య అడిగాడు: "శానా నొప్పిగా ఉందారా?"

"నీ కొడవలంత లేదులే."

ఇద్దరూ కుట్లు పట్టుకుని నవ్వారు. ఇద్దరికీ కళ్లు తడిశాయి.

పదకొండేళ్లు గడిచాయి. ఆనందయ్య పూటపూటా మాత్రలు వేసుకున్నాడు. తమ్ముడి కిడ్నీని అన్న ఒళ్లు ఒక్కరోజూ పరాయిదనుకోలేదు. ఈలోగా నాయకులిద్దరూ పార్టీలు మార్చుకున్నారు, ఆయన పార్టీలోకి ఈయన, ఈయన పార్టీలోకి ఆయన. అన్నదమ్ములూ క్రమశిక్షణతో ఎవరి నాయకుడి వెంట వాళ్లు మారారు. పగ యథాతథంగా కొనసాగింది.

పోలింగు రోజున దేవపాలు బూత్‌లో తన పార్టీ ఏజెంటుగా కూర్చున్నాడు. పది గంటలకు జీపులు వచ్చి ఆగాయి. కట్టెల చప్పుడు. గోడ అవతల అన్న గొంతు విని దేవపాలుకు ధైర్యం వచ్చింది.

"కుడిపక్క తాకాకండ్రా! వానికి ఉండేది ఆ ఒక్కటే. ఎడంపక్క ఖాళీనే, ఆడ కొట్టుకోండి."

ఆదేశం అక్షరాలా అమలైంది. ఎడమవైపు మూడు పక్కటెముకలు విరిగాయి, కుడివైపు గీత కూడా పడలేదు. ఇంత మమకారం ఈ కాలంలో ఎక్కడుందని ఓటు కోసం వరుసలో నిలబడ్డ మనమంతా మెచ్చుకున్నాం. దేవపాలును మోసుకుపోయేవాళ్లకు కాస్త పక్కకు జరిగి దారిచ్చి, ముందున్నవాళ్లను త్వరగా కదలమని తొందరపెట్టాం.