పదకొండు నుంచి ఒంటిగంట దాకా

"విశ్వవిద్యాలయం ఇక గడప దాటి శ్రామికుడి గుమ్మంలో నిలబడుతుంది" అని మా వైస్ చాన్సలర్ గారు ప్రకటించినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. అటెండర్ని కదా, కొట్టక తప్పదు. అయినా ఆ మాట నిజంగానే బావుంది.

పనిచేసేవాళ్లకి లెక్కల నుంచి డ్రాయింగ్ దాకా ఉచితంగా చదువు చెప్పే తరగతి అది. వేళ పదకొండు నుంచి ఒంటిగంట. ఆ వేళకి వాళ్లు పనిలో ఉంటారు కదా అని ఎవరో అంటే, ఆ తరగతి నడిపే డైరెక్టర్ గారు నవ్వారు.

"మేమూ పనిచేసేవాళ్లమేనయ్యా. అయిదయితే ఇంటికి వెళ్లద్దూ?"

ఇంత న్యాయమైన జవాబు నేను ఈమధ్య వినలేదు.

మూడు వారాలు ఖాళీ బెంచీలు తుడిచి నా చేతులు అరిగిపోయాయి. కమిటీ కూర్చుని, శ్రామికులకు చదువు మీద ఆసక్తి లేదని తేల్చింది. ఆసక్తి పెంచడానికి ఇంకో కమిటీ వేసింది.

నాలుగో వారం ఒక వెల్డర్ వచ్చాడు. నెలాఖరుకి ఒక ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ పోస్టుకి పరీక్ష ఉంది. ఏ ముక్క ఎక్కడ అతకాలో చూపించే డ్రాయింగ్ చదవడం వస్తేనే ఉద్యోగం. పద్దెనిమిదేళ్లుగా ఇంకొకడు చదివి చెబితే ఇతను అతుకులు వేస్తున్నాడు.

"ఇప్పుడెక్కడ చేస్తున్నావ్?" అన్నారు డైరెక్టర్ గారు.

"ఎక్కడా లేదు సార్. పగలు సెలవివ్వనన్నారు. మానేసి వచ్చా."

"అయ్యో! ఇది పనిచేసేవాళ్లకి నాయనా. నిరుద్యోగులకి లేదే!"

వెల్డర్ చేతులు జోడించాడు. "ఇంట్లో ఏం చెప్పను సార్?"

నాకు జాలేసింది. డైరెక్టర్ గారికి ఇంకా ఎక్కువ వేసింది. అప్పటికప్పుడు అతన్ని రోజుకూలీగా తీసుకుని, క్లాసు కిటికీలకి గ్రిల్స్ బిగించే పనిలో పెట్టారు. శ్రామికుడయ్యాడు కనక పేరు రిజిస్టర్‌లోకి ఎక్కింది. పని పదింటి నుంచి అయిదింటి దాకా.

"ఒక్క అరగంట లోపలికి రానా సార్?" అన్నాడు ఓరోజు కిటికీ అవతల నుంచి.

"పనివేళలో క్లాసులో కూర్చుంటే ఆడిట్‌వాళ్లు ఊరుకుంటారా? అక్కణ్ణుంచే విను. కాస్త చప్పుడు తగ్గించు" అన్నారు డైరెక్టర్ గారు.

హాజరు మాత్రం నూటికి నూరు.

ఫ్యాక్టరీ పరీక్ష రోజే మంత్రిగారు సర్టిఫికెట్లు పంచడానికి వచ్చారు. పరీక్షకి వెళ్లాలని వెల్డర్ బతిమాలాడు.

"సర్టిఫికెటే ఇస్తుంటే ఇంకా పరీక్షెందుకయ్యా?" అన్నారు డైరెక్టర్ గారు.

మొదటి బ్యాచ్ మొత్తం వేదికెక్కింది. అంటే వెల్డర్ ఎక్కాడు. మంత్రిగారు చలించిపోయి, రెండో బ్యాచ్‌కి డ్రాయింగ్ పాఠాలు ఈ శ్రామికుడే చెబుతాడని ప్రకటించారు. నేను మళ్లీ చప్పట్లు కొట్టాను.

మర్నాడు పదకొండింటికి కొత్త మాస్టారు బోర్డు ముందు నిలబడ్డాడు. క్లాసులో నేనొక్కణ్ణే ఉన్నాను. అతను డ్రాయింగ్ కాగితం విప్పి, ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి, తలుపు కేసి చూసి, మెల్లగా అడిగాడు.

"అన్నా, దీనికి పైవైపు ఏది?"