కటెండే బండికి వచ్చిన వణుకు

కటెండే భార్య నల్వోగా చనిపోయింది వానలు వెనకబట్టిన రోజుల్లో, ఒక సంత రోజున. పెళ్లయిన నాటి నుంచి కటెండే మోటారుసైకిలు వెనక కూర్చున్నది ఆమె ఒక్కతే. ఇద్దరూ కలిసి న్యెండో సంతకు టమాటాలు తీసుకుపోయేవారు, కలిసే తిరిగి వచ్చేవారు.

చుట్టాలంతా వెళ్లిపోయాక కటెండే, కిరాయి మోటారుసైకిళ్లు ఆగే స్టేజీలో చేరి, జనాన్ని ఎక్కించుకునే బోడా పని మొదలుపెట్టాలనుకున్నాడు. పని చేయకపోతే ఇల్లు గడవదు, ఇంట్లో కూర్చుంటే పొద్దు గడవదు. స్టేజీవారి నారింజరంగు కోటు తొడుక్కుని, ఉదయాన్నే ఒక బడిపంతులును ఎక్కించుకుని మసాకా పట్నానికి బయలుదేరాడు.

పల్లంలో హ్యాండిల్ వణికింది. మొదట కొద్దిగా, తర్వాత చలిజ్వరం వచ్చిన మనిషిలా. పంతులు మర్యాదస్తుడు. బండి ఆగగానే దిగి, నడక ఒంటికి మంచిదని చెప్పి వెళ్లిపోయాడు.

స్టేజీలో అందరూ బండి చుట్టూ చేరారు. హ్యాండిల్ మెడలో బేరింగులు అరిగాయన్నారు, మార్చారు. ముందు టైరు అన్నారు, అదీ మార్చారు. చువ్వలు వదులన్నారు, బిగించారు. మరమ్మతు జరిగిన ప్రతిసారీ ఒకరు వెనక ఎక్కి వెళ్లారు, ప్రతిసారీ నడిచి వచ్చారు.

స్టేజీ అధ్యక్షుడు ముత్యాబా గొంతు తగ్గించాడు. "బండిలో ఏం లేదు తమ్ముడూ. ఒణికేవి నీ చేతులు. రాత్రుళ్లు కొంచెం పుచ్చుకుంటున్నావా?"

"టీ కూడా మానేశానన్నా."

"అట్టా ఒక్కసారిగా మానేస్తేనే ఒణుకుతాయి."

పరీక్షగా అతని చేతికి నిండు టీ గ్లాసు ఇచ్చి, స్టేజీ స్టేజీ అంతా గుడ్లప్పగించి చూసింది. అంతమంది చూస్తే ఎవరి చేయి కుదురుగా ఉంటుంది? టీ ఒలికింది. మధ్యాహ్నానికి కటెండే తాగుతున్నాడని సంతలో తెలిసింది. సాయంత్రానికి పొద్దున్నే మొదలుపెడతాడని కూడా తెలిసింది.

చర్చి ఆడవాళ్లు ప్రార్థనకు వచ్చారు. దిగులుతో తిండి మానేశాడని ఎవరికి వారే అరటాకుల్లో మటోకే, అదే ఉడికించిన అరటికాయ ముద్ద, మూట కట్టి తెచ్చారు. ఎవరి మనసూ నొప్పించలేక అన్నీ తిన్నాడు. మర్నాడు కడుపు పట్టుకుని మంచం దిగలేకపోయాడు. దాంతో అది తాగుడు కాదేమోనన్న కాస్త అనుమానమూ తీరింది. అందరి ముందూ బండి తిన్నగా నడిపితే తప్ప కోటు ఇవ్వనని ముత్యాబా దాన్ని తీసుకుపోయాడు. కోటు లేనివాడి బండి ఎవరూ ఎక్కరు.

బుకులులాలో ఉన్న మేనత్త నస్సోలోకు కబురు చేరేసరికి, ఆ కబురులో కటెండే తాగి, బండితో సహా జమ్ముగడ్డి బురదలో మునిగిపోయి ఉన్నాడు. ఆవిడ ఏడుస్తూ బయలుదేరి, మేనల్లుణ్ణి పొడిగా చూసేసరికి కోపం తెచ్చుకుంది.

"మావాడు తాగితే ముందు నాకు వాసనొస్తుంది. బండి తియ్యరా," అని, నడుముకు పెద్ద పట్టీ కట్టిన గొమెసి గౌను సర్దుకుని, పెద్దింటి ఆడవాళ్లు కూర్చున్నట్టే కాళ్లు రెండూ ఎడమవైపు వేసి, పక్కకు తిరిగి కూర్చుంది. భారీ మనిషి. బండి పల్లం దిగి, మలుపు తిరిగి, గీత గీసినట్టు వెనక్కి వచ్చింది.

నమ్మకం కోసం ముత్యాబా తానూ ఎక్కాడు, కాళ్లు చెరోవైపు వేసి. పల్లం నుంచి నడిచి వచ్చాడు.

"నేనెక్కితే నడుస్తుంది, మగాళ్లెక్కితే నడవదు," అంది నస్సోలో. "మరి నీ పెళ్లాం ఎక్కితే?"

"నడిచేదత్తా. అదీ ఎడమవైపే కూర్చునేది."

ఆ మాట అన్నాక కటెండే వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఇరుసు ఒక పక్క ముందుకు, ఒక పక్క వెనక్కు ఉంది. పెళ్లయిన కొత్తలో, ఆమె బరువుకు బండి ఎడమకు లాగుతోందని, చక్రాన్ని తానే కాస్త వంకరగా బిగించాడు. గొలుసు సరిచేసినప్పుడల్లా అలాగే బిగిస్తూ వచ్చాడు. ఎడమపక్క ఆ బరువు లేకపోతే హ్యాండిల్ వణికేది అందుకే. నల్వోగాకు ఆ సంగతి ఎన్నడూ చెప్పలేదు.

"దానికోసం బండినే వంకర చేశావురా," అంది నస్సోలో మెల్లగా. పానా అతని చేతిలో పెట్టింది. "ఇంక తిన్నగా బిగించు."

అతను పానాను నట్టు మీద పెట్టాడు. కొంతసేపు అలాగే ఉంచి, తీసేశాడు.

"తర్వాత చేస్తానత్తా."

ముత్యాబా కోటు తిరిగి ఇచ్చాడు. చక్రం బాగయ్యేవరకు పక్కకు తిరిగి కూర్చునే ఆడవాళ్లనే ఎక్కించుకోవాలని షరతు పెట్టాడు. కటెండే దగ్గర ఇప్పుడు బేరానికి లోటు లేదు. చక్రం మాత్రం ఇంకా తిన్నగా బిగించలేదు.