ఇసుకలో ఒంటికాలు

గురువారానికల్లా కాలు కుదిరి తీరాలనుకుంటూ డ్రిల్లు మాస్టరు మీరా మొహిద్దీన్ తెల్లవారకముందే సముద్రపొడ్డుకు బయల్దేరాడు.

గురువారం ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ ఆట నచ్చితేనే మాస్టరు ఉద్యోగం ఖాయం చేస్తాడట. మద్రాసు శిబిరంలో ఆట మొత్తం నేర్చుకున్నానని మాస్టరు దరఖాస్తులో రాశాడు. బంతి విసరడం నేర్పిన వారమంతా ఆటలమ్మ పోసి పడుకున్న సంగతి మాత్రం రాయలేదు పాపం. ఇప్పుడు ఆయన విసిరిన బంతి సగం దూరంలోనే కూలబడుతోంది. బలం చేతిలో లేదు, కాళ్లలో ఉందని శిబిరం వాళ్లిచ్చిన కాగితం చెప్తోంది. కుడికాలితో నేలను నెట్టి, ఎడంకాలు బారుగా ముందుకు వేసి, కుడి బొటనవేలు ఈడ్చుకుంటూ రావాలి. ఆ ఊపే చేతికి అందుతుంది.

ఎవరైనా వస్తే ముందే తనకు కనబడాలని ఊరివైపు తిరిగి, ఉత్త చేయి గిరగిరా తిప్పుతూ గంటసేపు దూకాడు. మర్నాడు పోల్చుకోవడానికి అన్నిటికన్నా బారైన గుర్తు ఒక్కటుంచి, మిగతా అడుగులన్నీ సరుగుడు మండతో చెరిపేసి, తన సాధన ఎవరికీ తెలియకుండా నీళ్లలోంచి నడిచి వెళ్లిపోయాడు. రోజూ అదే పని.

మూడో రోజుకి జాలర్లుండే పట్టపుపాళెంలో చేపలవేటకు పడవ కదల్లేదు. పెద్దమనిషి ముత్యాలయ్య మాస్టరును వెంటబెట్టుకుని ఒడ్డుకు తీసుకెళ్లాడు. మంచులో ఊరంతా గప్‌చిప్‌గా నిలబడి ఉంది. నున్నటి ఇసుకలో పక్కపక్కనే మూడు ఈడ్పు గీతలు, ప్రతి గీత కొసనా లోతుగా దిగిన ఒక్క ఎడమపాదం. వచ్చిన జాడ లేదు, పోయిన జాడ లేదు. అవి తనవేనని తెలిసినా మాస్టరుకు ఒళ్లు జలదరించింది.

ముత్యాలయ్య వలతాడుతో కొలిచి చూపించాడు. "మొదటిరోజు రెండు మూరలు. నిన్న రెండున్నర. ఇయ్యాళ మూడు. ఒంటికాలి దయ్యం ఊళ్లోకి రాను బలం తెచ్చుకుంటా ఉండాది, అయ్యోరా."

నిజం చెబితే నేర్పాల్సినవాడు ఇంకా నేర్చుకుంటున్నాడని తేలి ఉద్యోగం ఊడుతుంది. మీ మంత్రమేదైనా చదవమని వాళ్లు బతిమాలితే, మాస్టరు ఏదో చదివి గీతలు చెరిపేశాడు. కానీ సాధన మానితే ఎలా? మర్నాడు గీత మూడున్నర మూరలకు వచ్చింది. మంత్రంతో దానికి కోపమొచ్చిందని పాళెం తలుపులు బిగించుకుంది. గురువారం పొద్దున నాలుగు మూరలు పడితే మాస్టరు ఒక్కడే సంతోషించాడు.

వేట లేక ఊరికే ఉన్న పాళెమంతా ఆ రోజు బడి కంచె దగ్గర మూగింది. ముందు మీరు విసిరి చూపించండి అన్నాడు ఇన్‌స్పెక్టరు. మాస్టరు నేలను నెట్టి దూకాడు. బంతి చివ్వున పోయి పట్టేపిల్ల చేతిలో పడింది. ఇన్‌స్పెక్టరు చప్పట్లు కొట్టాడు. కంచె దగ్గర ఒక్క చప్పుడు లేదు.

ముత్యాలయ్య లోపలికొచ్చి, తాడు తీసి, దుమ్ములో పడ్డ గీత కొలిచాడు. నాలుగు మూరలు. కొసన ఎడమపాదం. తలెత్తి మాస్టరు ముఖంలోకి చూశాడు.

ఇక దాచి లాభం లేదనుకుని, ఇన్‌స్పెక్టరుకు వినబడకుండా మాస్టరు గొంతు తగ్గించాడు. "అది నేనే ముత్యాలయ్యా. ఇన్నాళ్లూ వచ్చింది నేనే."

ముత్యాలయ్య రెండడుగులు వెనక్కేసి చేతులు జోడించాడు.

"ఇన్నారా? అయ్యోర్ని పట్టుకోని ఒంటికాలిదే మాట్లాడతా ఉండాది. తల్లీ, నీకేం కావాల్నో చెప్పు, పెట్టుకుంటాం. ఆ సాయిబును మాత్రం ఇడిసిపెట్టు."

పాళెమంతా మట్టిలో సాగిలపడింది. మాటలందనంత దూరం నుంచి అది చూసి ఇన్‌స్పెక్టరు కళ్లు చెమర్చాయి. ఈ ఆటమీద ఇంతటి భక్తి జిల్లాలో మరెక్కడా చూడలేదని రాసి అక్కడే సంతకం పెట్టాడు.

ఉద్యోగం ఖాయమైంది, దయ్యం కూడా.