ఆదివారం గోడకుర్చీ

ఆ ఆదివారానికి కమలాకుమారి వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. ఏడింటికి ఇడ్లీలు, ఎనిమిదింటికి తలస్నానం, తొమ్మిదింటికి గంజి పెట్టిన నేత చీర, తొమ్మిదిన్నరకు కంప్యూటర్ ముందు కూర్చోవడం. పదకొండింటికల్లా సర్టిఫికెట్ ఖాయం. జూన్ నుంచి హెడ్‌మిస్ట్రెస్ కుర్చీ.

అది 2009 మార్చి. ఒంటిపూట బడులు మొదలయ్యాయి. పిల్లలను కొట్టకుండా, భయపెట్టకుండా చదువు చెప్పడం ఎలాగో నేర్పడానికి హైదరాబాద్‌లోని ఒక సంస్థ మూడు ఆదివారాలు ఆన్‌లైన్‌లో క్లాసులు పెట్టింది. అవి పూర్తిచేసి కాగితం తెచ్చినవాళ్ళదే కుర్చీ అని ఇస్నాపూర్‌లో ఆమె పనిచేసే ప్రైవేటు బడి కరస్పాండెంట్ యాదన్న ప్రకటించాడు. ఆ బడి టీచర్లలో ఇంట్లో నెట్ ఉన్నది కమలాకుమారికొక్కదానికే కాబట్టి సగం పోటీ అక్కడే తీరిపోయింది.

మొదటి ఆదివారమే ఒక ఫారం నింపమన్నారు. 'నా తరగతిలో పిల్లలకు ఎలాంటి శిక్షా లేదు' అన్న వాక్యం పక్కన ఆమె నిస్సంకోచంగా టిక్కు పెట్టింది. బెత్తం ఎప్పుడో మానేసింది. తొడపాశం జోలికి పోదు. ఇక గోడకుర్చీ అంటారా, దాన్ని ఆమె శిక్షల్లో లెక్కవేయలేదు. వీపు గోడకు ఆనించి, మోకాళ్ళు వంచి, లేని కుర్చీలో కూర్చోవడమేగా. టీచరు చెయ్యి పిల్లవాడి ఒంటిమీద పడనే పడదు. మూడో తరగతి గదిలో వెనక గోడకు పిల్లల వీపుల ఎత్తున సున్నం ఒక పట్టీలా అరిగిపోయి ఉంది. టిక్కు పెట్టేటప్పుడు ఆ పట్టీ ఆమెకు గుర్తు రాలేదు.

ఈ ఆదివారం చివరి క్లాసు. అందులో ప్రతి టీచరూ ఒక శిక్షను కెమెరా ముందు చూపించి, దాని బదులు ఏం చేయాలో చెప్పాలి. శిక్ష వేయాలంటే మనిషి కావాలి. పిల్లల రక్షణ క్లాసులో పిల్లను నిలబెట్టడం బాగుండదు. ఇంట్లో ఉన్న ఇంకో మనిషి భర్త రామలింగేశ్వరరావు. గోదావరి జిల్లా నుంచి ఇరవయ్యేళ్ళ కిందట ఇక్కడి ప్లాంటు ఉద్యోగానికి వచ్చినవాడు. రాత్రి షిఫ్టు దిగి వచ్చి, బనియనూ లుంగీతో అప్పుడే కళ్ళు మూసుకున్నాడు.

"రెండు నిమిషాలేనండీ. హోంవర్క్ చేయని పిల్లాడిలా గోడకు ఆని కూర్చోండి చాలు."

"నేనెప్పుడూ హోంవర్క్ ఎగ్గొట్టలేదు," అన్నాడాయన కళ్ళు తెరవకుండానే.

"మరి మంచిది. కొత్త అనుభవం."

సరిగ్గా పదీ పదికి ఆమె వంతు వచ్చింది. చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో చెక్క స్కేలు, వెనక గోడకు భర్త. అటువైపు క్లాసు చెప్పే హైదరాబాద్ మేడమ్, ఎక్కడెక్కడివో నలభైమంది టీచర్లు. కమలాకుమారి ఇలా నోరు తెరిచిందో లేదో తెరమీద బొమ్మ ఆగిపోయింది. కనెక్షన్ సరిచేస్తున్నామని, ఎక్కడివాళ్ళు అక్కడే ఉండమని మేడమ్ చెప్పింది. కమలాకుమారి భర్తను కదలొద్దంది. చెవులు మూసుకుపోవడంతో తన గొంతు తనకే వినపడక, అరవైమంది పిల్లల క్లాసులో వాడే గొంతు బయటికొచ్చింది.

"కదిలారంటే మళ్ళీ మొదటి నుంచి పెట్టిస్తాను!"

ఇంటి ఓనరు సత్తయ్య భార్య నర్సింహమ్మ తపేలాలో చింతచిగురు పట్టుకుని అదే నిమిషంలో కిటికీ దగ్గరికి వచ్చింది. టీచరమ్మ చేతిలో స్కేలు చూసింది. గోడకు ఆనుకుని, తొడలు వణుకుతూ, చెమటలు కారుతున్న రావు సారును చూసింది. తపేలా అరుగు మీద పెట్టేసి వెనక్కి తిరిగింది.

వీధి నల్లా దగ్గర పక్కింటి బక్కమ్మ బిందె నింపుకుంటోంది. రావు సారు చేత పెళ్ళాం గోడకుర్చీ వేయించిందని నర్సింహమ్మ చెప్పింది. బక్కమ్మ నమ్మలేదు.

"నా కండ్లతోని సూసిన. చేతిల కట్టె గూడ ఉంది."

నల్లా దగ్గర స్కేలు కట్టె అయింది. కిరాణా దుకాణానికి చేరేసరికి ఆ కట్టె రెండుసార్లు విరిగింది. ప్లాంటులో యూనియన్ పనులు చూసే మొగులయ్యకు కబురు అందేసరికి రావు సారు కాళ్ళు కూడా విరిగాయి. తోటి కార్మికుణ్ణి ఆస్పత్రిలో చేర్చాలని అతను ఆటో వెంటబెట్టుకుని బయలుదేరాడు. సత్తయ్య చేతికర్ర తీసుకున్నాడు. కర్ర ఎవరికోసమో ఆయనకూ తెలియదు. పదీ ఇరవై అయ్యేసరికి ముప్ఫైమంది కమలాకుమారి గుమ్మంలో ఉన్నారు. వాళ్ళలో సత్తయ్య మనవరాలు సుమిత్ర కూడా ఉంది. ఎనిమిదేళ్ళ పిల్ల, టీచరమ్మ క్లాసే.

తలుపు దగ్గరగా వేసి ఉందంతే. మొగులయ్య తోసుకుని లోపలికి వచ్చాడు. భర్త ఇంకా గోడకే ఉన్న సంగతి కమలాకుమారికి అప్పుడు గుర్తొచ్చింది. కనెక్షన్ గొడవలో పడి ఆయన్ని పది నిమిషాలుగా మరిచేపోయింది. మొగులయ్య చంకల కింద చేతులు వేసి లేపబోతే రామలింగేశ్వరరావు కెవ్వుమన్నాడు. కాళ్ళు పట్టేశాయి. ఎవరికైనా అనుమానం మిగిలి ఉంటే ఆ అరుపుతో అదీ తీరిపోయింది.

"గిదేంది టీచరమ్మా," అన్నాడు సత్తయ్య. "మొగనితోని గోడకుర్చీ ఏపిచ్చుడు నేను యాడ సూడలె. నా ఇంట్ల గిసొంటిది నడ్వది."

ఇది క్లాసనీ, ఉత్తుత్తిదేననీ ఆమె మొత్తుకుంది. ఎవరూ వినలేదు. ఖాళీ చేయమనాలని ఒకరు, పెద్దమనుషుల్లో పెట్టాలని ఒకరు. ఆ తోపులాటలో మొగులయ్య కాలికి తగిలి హెడ్‌ఫోన్ల వైరు ఊడింది. మైకు వైరు ఊడలేదు. అది ఎవరూ గమనించలేదు.

అప్పుడు సుమిత్ర తాత ధోవతి పట్టి లాగింది.

"తాతా, టీచర్ మమ్ముల గూడ గిట్లనే కూసోబెడ్తది. నన్ను మొన్న పావుగంట పెట్టింది."

గుంపులో ఎవరూ ఉలిక్కిపడలేదు. ఇంకా కొంచెం తేలికపడ్డారు కూడా.

"నిన్ను పెడితె పెట్టింది తీ బిడ్డా," అన్నాడు సత్తయ్య. "పిల్లలన్నంక గిసొంటివి ఉంటయి. గీయన మొగోడు."

తోలు తీసినా అడగబోమని బడిలో చేర్పించిన నాడే తామే చెప్పామని నర్సింహమ్మ గుర్తుచేసింది. తలలన్నీ ఊగాయి. ఊగుతుండగానే కంప్యూటర్ మాట్లాడింది.

"ఆ పాప పేరేమిటండీ?"

ముప్ఫైమందీ ఒక్కసారిగా అటు తిరిగారు. బొమ్మ ఎప్పుడో వచ్చేసింది. తెరమీద హైదరాబాద్ మేడమ్, కింద వరసగా నలభై పేర్లు. అందరూ విన్నారు. కమలాకుమారి కుర్చీలో కూర్చుండిపోయింది. జూన్ నెల, కుర్చీ, మొదటి ఆదివారం పెట్టిన టిక్కు, అన్నీ కళ్ళ ముందే కూలిపోయాయి.

గోడకుర్చీలో కూర్చుంటే పిల్లలకు ఎలా ఉంటుందో పాపనే చెప్పమంది మేడమ్. సుమిత్ర నర్సింహమ్మ కొంగులో దూరింది. నేలమీద చతికిలపడ్డ రామలింగేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు.

"నేను చెబుతాను మేడమ్. ఒక నిమిషం నవ్వొచ్చింది. రెండో నిమిషంలోనే తొడలు వణికాయి. తర్వాత మా ఆవిడంటే భయమేసింది. వీళ్ళంతా వచ్చి చూస్తుంటే మాత్రం నొప్పి కూడా తెలియలేదు. సిగ్గొక్కటే తెలిసింది."

ఆయన సుమిత్ర వైపు తిరిగాడు. "పావుగంటా?"

"పావుగంట. క్లాసంత సూస్తరు సారూ."

సత్తయ్య మనవరాలి మోకాళ్ళ వంక చూశాడు. అవి ఆయన పిడికిలంత ఉన్నాయి. ఆయన కర్రను మెల్లగా తలుపు వెనక పెట్టాడు. కమలాకుమారి కుర్చీలోంచి లేచి, స్కేలు బల్ల సొరుగులో పడేసి, ఆ టిక్కు తప్పని, కొట్టేయమని మేడమ్‌కు చెప్పింది. చెప్పాక అంతమందిలో తల ఎత్తడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. ఆమె వెళ్ళి సుమిత్ర దగ్గర కింద కూర్చుంది.

హెడ్‌మిస్ట్రెస్ కుర్చీ ఆమెకు రాలేదు. బడి తెరిచే ముందు మూడో తరగతి వెనక గోడకు ఆమే సున్నం వేసుకుంది. సర్టిఫికెట్ మాత్రం మూడు వారాల తర్వాత పోస్టులో వచ్చింది, రామలింగేశ్వరరావు పేరు మీద. ఆయన దాన్ని పటం కట్టించి, ఇంట్లో గోడ మీద, ఆనాడు తన వీపుకు సున్నం రాలిపోయిన చోట తగిలించాడు.

పటాన్ని అంత కిందికి ఎందుకు కొట్టారని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతారు.